పాలిన్ జాన్సన్: విమర్శ, వేషం, రచన – 1892 నాటి ఒక వైరుధ్యంపై పరిశీలన

వ్యాససంగ్రహం

కెనడా కవయిత్రి ఎమిలీ పాలిన్ జాన్సన్ (1861–1913) మొహాక్ తండ్రికి, ఆంగ్లేయ తల్లికి జన్మించారు. 1892 మే నెలలో ఆమె, ఆనాటి కాల్పనిక సాహిత్యంలో మూలవాసి యువతిని చిత్రిస్తున్న తీరును ఖండిస్తూ ఒక విమర్శవ్యాసం ప్రచురించారు. ఆ సంవత్సరం ముగిసేలోగా, తాను ఖండించిన ఊహాచిత్రాన్నే తలపించే వేషంతో రంగస్థలం ఎక్కారు. ఈ వైరుధ్యాన్ని కొందరు రాజీగా, మరికొందరు ప్రతిఘటనగా వ్యాఖ్యానించారు. ఆ వేషాన్ని ఆమె వృత్తిజీవితపు షరతుగానూ, విమర్శవ్యాసాన్ని ఆమె రచనలకు కొలమానంగానూ తీసుకోవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ కొలమానంతో ఆమె కథలను, కవితలను పరిశీలించి, ఆమె ఎక్కడ నెగ్గారో, ఎక్కడ తడబడ్డారో నిర్ధారించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: పాలిన్ జాన్సన్, కెనడా సాహిత్యం, మూలవాసి స్త్రీ, పాత్రచిత్రణ, ప్రాతినిధ్యం, ప్రదర్శన, పాఠభేదం.

1. ఉపోద్ఘాతం

ఒక సమూహం గురించి ఎవరు రాయాలి, ఎలా రాయాలి అనే ప్రశ్న తెలుగు విమర్శకు కొత్తది కాదు. దళిత, గిరిజన సాహిత్య చర్చల్లో సానుభూతి, సహానుభూతి, స్వానుభూతి అనే విభజన స్థిరపడింది. అయితే స్వానుభూతి గల రచయిత కూడా, తన సమూహాన్ని వినోదవస్తువుగా చూసే పాఠకుల ముందు, వారిచ్చే రుసుముతో బతకవలసి వస్తే ఏమవుతుంది? ఆ స్థితిలో పుట్టిన సాహిత్యాన్ని ఏ ప్రమాణంతో తూచాలి? పాలిన్ జాన్సన్ జీవితం, రచన ఈ ప్రశ్నను చాలా స్పష్టంగా ముందుకు తెస్తాయి.

పరిభాష గురించి ఒక మాట. ‘ఇండియన్’ అనే పదం ఆనాటి కెనడా చట్టంలోనూ, పత్రికల్లోనూ ఆ ఖండపు తొలి నివాసులను సూచించింది. ఈ వ్యాసంలో వారిని ‘మూలవాసులు’ అని వ్యవహరించి, చట్టాన్ని గాని ఆ కాలపు వాడుకను గాని ప్రస్తావించేటప్పుడు మాత్రమే ‘ఇండియన్’ అనే మాటను ఉంచడమైనది.

2. రెండు చట్టాల నడుమ జననం

పాలిన్ జాన్సన్ 1861 మార్చి 10న, నేటి ఒంటారియో రాష్ట్రంలోని బ్రాంట్‌ఫర్డ్ పట్టణానికి సమీపంలో, గ్రాండ్ నది ఒడ్డున ఉన్న ఆరు జాతుల సమాఖ్య ప్రాంతంలో జన్మించారు. తండ్రి జార్జ్ హెన్రీ మార్టిన్ జాన్సన్ మొహాక్ నాయకుడు, దుబాసీ. తల్లి ఎమిలీ హోవెల్స్ ఇంగ్లండులో పుట్టిన స్త్రీ. తండ్రి కట్టించిన ఇల్లు ‘చీఫ్స్‌వుడ్’. దానికి నది వైపు ఒకటి, రహదారి వైపు ఒకటి, ఒకే పోలికలో రెండు ముఖద్వారాలున్నాయి. జాన్సన్ జీవితానికి ఈ ఇంటిని ప్రతీకగా చూపడం జీవితచరిత్రకారులకు పరిపాటి. కాని ఆమె స్థితిని అర్థం చేసుకోవడానికి ఆ ప్రతీక కంటే చట్టం ఎక్కువ తోడ్పడుతుంది.

1876 నాటి ఇండియన్ చట్టం ప్రకారం స్త్రీ హోదా తండ్రిని బట్టి, వివాహానంతరం భర్తను బట్టి నిర్ణయమయ్యేది. అందువల్ల ఆంగ్లేయురాలైన తల్లి వివాహంతో చట్టం దృష్టిలో ‘ఇండియన్’ అయ్యారు. పాలిన్ పుట్టుకతోనే ‘ఇండియన్’. ఆమె శ్వేతజాతీయుణ్ణి వివాహమాడి ఉంటే ఆ హోదాను కోల్పోయేవారు. ఈ నియమం 1985 దాకా అమలులో ఉంది. మరోవైపు మొహాక్ సమాజం మాతృవంశీయమైనది. గోత్రం తల్లి నుంచి సంక్రమిస్తుంది. తల్లి మొహాక్ కానందున, ఆచారం ప్రకారం పాలిన్‌కు పుట్టుకతో సంక్రమించే గోత్రం లేదు. ప్రభుత్వం ఆమెను ‘ఇండియన్’గా నమోదు చేసింది. ఆమె సమాజపు వంశక్రమం ఆమెకు చోటు చూపలేదు. కనుక ఆమె ‘అసలైన’ మూలవాసి కవయిత్రేనా అనే ప్రశ్నకు జన్మను బట్టి సమాధానం చెప్పబూనడం, ఏ చట్టాన్ని ప్రమాణంగా తీసుకుంటున్నామో చెప్పకుండా తీర్పు ఇవ్వడమే అవుతుంది.

తండ్రి ఆ ప్రాంతంలో అక్రమంగా సాగుతున్న కలప, సారా వ్యాపారాలను ఎదిరించి, పలుమార్లు తీవ్రమైన దాడులకు గురయ్యారు. 1884లో మరణించారు. కుటుంబం చీఫ్స్‌వుడ్ విడిచి బ్రాంట్‌ఫర్డ్‌లో అద్దె ఇంటికి మారింది. అప్పటి నుంచి అవివాహితగా, స్థిరమైన ఆస్తిపాస్తులు లేని స్త్రీగా ఆమె కలాన్నే జీవనాధారం చేసుకోవలసి వచ్చింది. పత్రికలు కవితలకిచ్చే ప్రతిఫలం అందుకు చాలేది కాదు. 1889లో డబ్ల్యు. డి. లైట్‌హాల్ సంకలనం చేసిన ‘సాంగ్స్ ఆఫ్ ద గ్రేట్ డొమీనియన్’లో ఆమె కవితలు రెండు చేరాయి. లండన్ విమర్శకుడు థియొడోర్ వాట్స్ వాటిని మెచ్చుకొన్నారు. కీర్తి వచ్చింది గాని దానివల్ల ఇల్లు గడవలేదు.

1892 జనవరి 16న టొరంటోలో ఫ్రాంక్ యే నిర్వహించిన ఒక సాహిత్యసభ ఈ స్థితిని మార్చింది. ఆ వేదికపై జాన్సన్ తన కవితను స్వయంగా చదివినప్పుడు సభ హర్షధ్వానాలతో మారుమోగింది. నాటి నుంచి 1909లో వాంకూవర్‌లో స్థిరపడే దాకా, మొదట ఓవెన్ స్మైలీతోనూ తరువాత వాల్టర్ మక్రేతోనూ కలిసి, దేశమంతటా పర్యటిస్తూ ప్రదర్శనలిచ్చి ఆమె జీవించారు.

3. 1892 మే: విమర్శకురాలు

ఆ తొలి విజయం తరువాత నాలుగు నెలలకు, మే 22న, టొరంటో ‘సండే గ్లోబ్’ పత్రికలో ఆమె వ్యాసం వెలువడింది. ఆధునిక కాల్పనిక సాహిత్యంలోని ‘ఇండియన్’ యువతి దాని విషయం. ఆ వ్యాసంలోని వాదాన్ని నాలుగు ఆక్షేపణలుగా సంగ్రహించవచ్చు.

మొదటిది పేరు. ఈ కథానాయికలకు తరచుగా ఒకే పేరు ‘వినోనా’. ఇంటిపేరు ఉండదు. రెండవది జాతి. ‘ఇండియన్’ అనే మాట ‘యూరోపియన్’ అనే మాటంత స్థూలమైనదనీ, ఏ నవలాకారుడూ తన నాయికను కేవలం ‘యూరోపియన్’ అని పరిచయం చేసి ఊరుకోడనీ ఆమె ఎత్తిపొడిచారు. మూడవది స్వభావం. ఈ యువతికి తనదైన వ్యక్తిత్వం ఉండదు. నాయకుడైన తెల్లవాణ్ణి ప్రేమించడం, తనవారిని కాదని అతనికి తోడ్పడడం మాత్రమే ఆమె పని. నాలుగవది ముగింపు. ఆమె తప్పక మరణిస్తుంది. తెల్లజాతి నాయికకు దారి ఇవ్వడం కోసమే ఆ మరణం.

ఈ నాలుగు ఆక్షేపణలూ నిర్దిష్ట గ్రంథాల పఠనం నుంచి పుట్టినవి. జి. మెర్సర్ ఆడమ్, ఎథెల్విన్ వెదరాల్డ్ కలిసి రాసిన ‘యాన్ అల్గాంక్విన్ మెయిడెన్’ (1887) నవలను ఆమె నిశితంగా విమర్శించారు. చార్లెస్ మెయిర్ నాటకం ‘టెకుంసే’ (1886) పట్ల ఆమెకు గౌరవం ఉంది. మూలవాసులను దగ్గరగా ఎరిగిన రచయితగా మెయిర్‌ను మెచ్చుకొన్నారు. అయినా అందులోని అయీనా కూడా తెల్ల ప్రియుని కోసం ప్రాణం విడుస్తుంది. మెచ్చిన రచనలో సైతం అదే ముగింపు కనిపించడం వల్ల, దోషం ఏ ఒక్క రచయిత అజ్ఞానంలోనో లేదనీ, ఒక సాహిత్య ఆనవాయితీగా స్థిరపడిందనీ ఆమె చూపగలిగారు. మన అలంకారికుల పరిభాషలో చెబితే, ఇది పాత్రౌచిత్యభంగం. దాన్ని ఆమె కళాదోషంగా మాత్రమే గాక, ఒక జనసముదాయానికి జరిగే అన్యాయంగా కూడా నిరూపించారు.

4. 1892 చివర: వేషధారిణి

అదే ఏడాది చివరికి ఆమె ప్రదర్శన రూపం మారింది. సాధారణంగా కార్యక్రమం మొదటి భాగంలో జింకతోలు దుస్తులతో, రెండవ భాగంలో యూరోపియన్ సాయంకాలపు గౌనుతో ఆమె కనిపించేవారు. ఆ జింకతోలు దుస్తులు ఏ ఒక్క జాతివీ కావు. వాటికి కుందేలుచర్మపు అలంకరణ, వెండి పతకాలు, వాంపమ్ అనే గుల్లపూసల పట్టీలు, కుటుంబం నుంచి వచ్చిన వేటకత్తి, ముత్తాత నుంచి సంక్రమించిన హ్యూరాన్ శత్రువు నెత్తిచర్మం జతచేశారు. వీటిలో కొన్ని కుటుంబ వారసత్వం, కొన్ని కొని తెప్పించుకున్నవి. మొత్తంగా చూస్తే అది మొహాక్ స్త్రీ సంప్రదాయ వేషం కాదు. ప్రేక్షకులు ‘ఇండియన్’ అనగానే ఊహించుకునే రూపానికి అది దగ్గర. పేరు విషయంలోనూ ఆమె ముత్తాత పేరైన ‘టెకాహియోన్వాకె’ను రంగస్థలనామంగా స్వీకరించారు.

ఏ జాతికీ చెందని కథానాయికను మే నెలలో అపహసించిన రచయిత్రి, ఏ జాతికీ చెందని దుస్తుల్లో ఆ ఏడాది చివర వేదికపై నిలిచారు. విమర్శకులను ఇబ్బంది పెట్టిన వైరుధ్యం ఇదే. శ్వేతజాతి ఊహలో రూపొందిన ‘ఇండియన్’ చరిత్రను రాసిన డేనియల్ ఫ్రాన్సిస్, ‘ది ఇమాజినరీ ఇండియన్’ (1992) గ్రంథంలో జాన్సన్ వృత్తిని కూడా ఆ ఊహ విధించిన పరిమితుల్లో చూశారు. మొహాక్ రచయిత్రి బెత్ బ్రాంట్ ‘రైటింగ్ యాజ్ విట్‌నెస్’ (1994)లో ఆమెను మూలవాసి స్త్రీల రచనకు బాట వేసిన పూర్వికురాలిగా స్మరించారు. వెరోనికా స్ట్రాంగ్-బోగ్, కరోల్ గెర్సన్ ‘పాడ్లింగ్ హర్ ఓన్ కనూ’ (2000)లో ఆమె కాలాన్ని, వృత్తిని, పాఠాలను విపులంగా పరిశోధించి చర్చను కొత్త స్థాయికి తెచ్చారు.

వేషాన్ని రాజీ అన్నా, ప్రతిఘటన అన్నా, రెండు వాదాలూ వేషం నుంచే అర్థాన్ని పిండుకుంటాయి. వేదికపై గౌను కూడా ఒక వేషమే. కాని ఆ గౌను అసలైన ఆంగ్లేయ సంప్రదాయానికి చెందినదా అని ఎవరూ ప్రశ్నించలేదు. ప్రామాణికతను రుజువు చేసుకోవలసిన భారం జింకతోలు మీదనే పడింది. ఈ అసమానతను గుర్తించకుండా వేషాన్ని సాక్ష్యంగా స్వీకరిస్తే, విమర్శకుడు కూడా టిక్కెట్టు కొన్న ప్రేక్షకుని స్థానంలోనే కూర్చుంటాడు. ఆ దుస్తులు ప్రస్తుతం వాంకూవర్ మ్యూజియంలో ఉన్నాయి. ఆమెను తూచడానికి కావలసిన ఆధారాలను మాత్రం ఆమె రచనల్లో వెదకాలి.

5. సొంత కొలమానంతో రచనల పరిశీలన

5.1 కథానాయికలు

విమర్శవ్యాసం వెలువడిన తొమ్మిది నెలలకు, 1893 ఫిబ్రవరిలో, ‘ఎ రెడ్ గర్ల్స్ రీజనింగ్’ కథ ‘డొమీనియన్ ఇల్లస్ట్రేటెడ్’లో అచ్చయింది. నాయిక క్రిస్టీన్ రాబిన్సన్. పేరు, ఇంటిపేరు రెండూ ఉన్న యువతి. తండ్రి వర్తకుడు, తల్లి మూలవాసి. క్రిస్టీన్ ప్రభుత్వోద్యోగి చార్లీ మెక్‌డొనాల్డ్‌ను వివాహమాడుతుంది. ఒక విందులో తన తల్లిదండ్రుల పెళ్లి పురోహితుడు లేకుండా మూలవాసుల ఆచారం ప్రకారం జరిగిందని నిస్సంకోచంగా చెబుతుంది. భర్త అవమానంతో కుంగిపోయి ఆమెను నిందిస్తాడు. ఆమె సమాధానం భావావేశంతో మొదలైనా తర్కంతో సాగుతుంది. తన తల్లి ఆచారానికి అతని సమాజం విలువ ఇవ్వకపోతే, అతని చర్చి జరిపిన పెళ్లికి తానెందుకు విలువ ఇవ్వాలి? ఆ రాత్రే ఇల్లు విడిచిపోతుంది. భర్త వెదుక్కుంటూ వచ్చి ప్రాధేయపడినా తిరిగి రాదు.

ఆనవాయితీ ప్రకారం క్రిస్టీన్ ఏటిలో దూకి చావాలి. అలా జరగదు. కథ శీర్షికలోనే ‘తర్కం’ అనే మాట ఉండడం గమనార్హం. వ్యాసంలోని మూడవ, నాలుగవ ఆక్షేపణలకు ఈ కథ ఆచరణరూపం. 1899 నాటి ‘యాజ్ ఇట్ వాజ్ ఇన్ ద బిగినింగ్’ కథ మరింత కఠోరమైనది. మిషనరీ పెంపకంలో పెరిగిన ఎస్తేరును ప్రియుడు ఆమె రక్తం కారణంగా తిరస్కరిస్తాడు. మరణం వస్తుంది గాని అది ఎస్తేరుది కాదు. ప్రియుడే ఆమె చేతిలో పాము విషంతో చనిపోతాడు. ఇక్కడ ఆనవాయితీ తలకిందులైంది. కళాపరంగా మొదటి కథకున్న నిగ్రహం దీనికి లేదు. పగతో నిండిన మూలవాసి అనే మరొక మూసకు ఇది దగ్గరగా జరిగిందన్న ఆక్షేపణను తోసిపుచ్చలేము.

1895లో లండన్‌లో జాన్ లేన్ ప్రచురించిన ‘ద వైట్ వాంపమ్’ సంపుటిలోని కథాత్మక కవితల్లో పేరు, జాతి అనే మొదటి రెండు షరతులు నెరవేరాయి. ‘ఒజిస్టో’లో మాట్లాడే స్త్రీ తన పేరును, మొహాక్ నాయకుని భార్యగా తన స్థానాన్ని చాటుకుంటుంది. తనను అపహరించిన హ్యూరాన్ యోధుణ్ణి అతని కత్తితోనే పొడిచి, గుర్రమెక్కి భర్త దగ్గరకు చేరుతుంది. ‘ద కాటిల్ థీఫ్’లో వలసవాసులు చంపిన క్రీ నాయకుని శవాన్ని ఛిద్రం చేయబోతే, అతని కూతురు అడ్డు నిలిచి, క్రీ భాషలో వారిని నిలదీస్తుంది. పశువుల దొంగ ఎవరు, నేల దొంగ ఎవరు అన్నది ఆమె ప్రశ్న. జాతి లేని దుస్తుల్లో నిలిచిన వ్యక్తి, జాతి స్పష్టంగా చెప్పిన స్త్రీల కంఠాలను వినిపించారన్నమాట. వేషం కోల్పోయిన నిర్దిష్టతను పాఠం తిరిగి సంపాదించింది.

5.2 ఒక ముగింపులో మార్పు

రంగస్థల జీవితం ఆమె కలాన్ని మొద్దుబార్చిందనే వాదాన్ని పరీక్షించడానికి ‘ఎ క్రై ఫ్రమ్ యాన్ ఇండియన్ వైఫ్’ కవిత పాఠభేదం ఉపకరిస్తుంది. 1885లో వాయవ్య ప్రాంతంలో లూయీ రియల్ నాయకత్వంలోని మెటీలు, కొందరు మూలవాసులు కెనడా ప్రభుత్వంపై తిరగబడిన సందర్భంలో రాసిన కవిత ఇది. అదే ఏడాది ‘ద వీక్’ పత్రికలో వచ్చింది. యుద్ధానికి వెళ్లే భర్తతో భార్య మాట్లాడుతుంది. వెళ్లమంటుంది, అవతలి సైనికుల తల్లులను తలచుకుని ఆగమంటుంది, ఈ నేల తమదేనని గుర్తుచేసుకుని మళ్లీ వెళ్లమంటుంది.

1885 పాఠం చివర, తన జాతి పతనం దైవసంకల్పమనీ, కెనడా సంకల్పమనీ ఆమె తలవంచుతుంది. 1895 సంపుటిలో ఆ ముగింపు మారింది. కెనడా ప్రస్తావన తొలగింది. దైవం ‘తెల్లవాడి దైవం’ అయింది. పైగా ‘బహుశా’ అనే సందేహం చేరింది. పరాజయాన్ని విధిగా అంగీకరించే వాక్యం, ఆ విధిని ఎవరు నిర్ణయించారో ప్రశ్నించే వాక్యంగా మారింది. ఈ సవరణ ముద్రితమైన నాటికి ఆమె మూడేళ్లుగా వేదికలపై ఉన్నారు. ప్రేక్షకులను మెప్పించడమే లక్ష్యమైతే, 1885 ముగింపే శ్రోతలకు ఎక్కువ సుఖకరం. దాన్ని వదలుకోవడం గమనించదగినది.

6. ఒక సమకాలికునితో పోలిక

ఆ తరంలో ‘కాన్ఫెడరేషన్ కవులు’గా సాహిత్యచరిత్ర గుర్తించిన నలుగురు చార్లెస్ రాబర్ట్స్, బ్లిస్ కార్మన్, ఆర్చిబాల్డ్ లాంప్‌మన్, డంకన్ కాంప్‌బెల్ స్కాట్. అందరూ 1860–62 మధ్య పుట్టినవారే. జాన్సన్ కూడా అదే తరానికి చెందినవారు. 1960లో మాల్కమ్ రాస్ ‘పొయెట్స్ ఆఫ్ ద కాన్ఫెడరేషన్’ పేరిట వెలువరించిన సంకలనంలో ఈ నలుగురే ఉన్నారు.

వీరిలో స్కాట్ వృత్తిరీత్యా ఇండియన్ వ్యవహారాల శాఖ అధికారి. జాన్సన్ మరణించిన 1913లోనే ఆ శాఖలో అత్యున్నత అధికారి పదవిని చేపట్టి 1932 దాకా కొనసాగారు. మూలవాసి పిల్లలకు నిర్బంధ పాఠశాల విద్యను విధించిన 1920 నాటి చట్టసవరణ ఆయన హయాంలోనిది. జాన్సన్ తండ్రి నాయకుడుగా ఉన్న గ్రాండ్ నది ప్రాంతంలో వంశపారంపర్య సభను 1924లో తొలగించింది ఆయన శాఖే. ఆయన ప్రసిద్ధ సానెట్ ‘ది ఒనొండాగా మడోనా’ అదే ఆరు జాతుల సమాఖ్యకు చెందిన ఒక స్త్రీని చిత్రిస్తుంది. ఆమెకు పేరు లేదు, మాట లేదు. క్షీణిస్తున్న జాతికి ఆమె ఒక దృశ్యరూపం. నిర్మాణసౌష్ఠవంలో ఆ సానెట్ జాన్సన్ కథాత్మక కవితలను మించినదే కావచ్చు. కాని 1892 వ్యాసం అడిగిన నాలుగు ప్రశ్నల ముందు అది నిలవదు.

ఇక్కడ వైరుధ్యం మరొక వైపు తిరుగుతుంది. జాన్సన్ విషయంలో వేషానికీ వాక్కుకూ పొంతన లేదని విమర్శ పట్టుబట్టింది. మూలవాసుల అంతర్ధానాన్ని కవితలో శోకిస్తూ, వారి సంస్థలను రద్దుచేసే శాఖను నడిపిన అధికారి విషయంలో ఆ పట్టుదల చాలాకాలం కనిపించలేదు. స్కాట్ పదవిని, కవిత్వాన్ని కలిపి చదవడం ఇటీవలి దశాబ్దాల్లోనే బలపడింది.

7. పరిమితులు

జాన్సన్ కొలమానం ఆమెను కూడా వదలదు. 1903లో వెలువడిన ‘కెనేడియన్ బార్న్’ సంపుటి శీర్షికాకవితలో బ్రిటిష్ సామ్రాజ్యవిధేయత నిస్సంశయంగా పలుకుతుంది. అక్కడ ‘కాటిల్ థీఫ్’ కూతురి ప్రశ్న వినబడదు. మొహాకులు బ్రిటిష్ రాజరికంతో పొత్తును తమ ఒప్పందాల మూలంగా గౌరవించేవారన్నది నిజమే. అది ఆ విధేయతకు నేపథ్యాన్ని అందిస్తుంది గాని, కవితలోని సరళీకరణను సమర్థించదు.

‘లెజెండ్స్ ఆఫ్ వాంకూవర్’ (1911) మరొక సమస్యను తెస్తుంది. స్క్వామిష్ నాయకుడు జో కపిలానో చెప్పిన కథలను ఆమె ఆంగ్లంలో తిరిగి చెప్పారు. క్రీ స్త్రీ కంఠం లాగానే, ఇదీ మొహాక్ రచయిత్రికి స్వానుభూతి కాదు. అయితే ఇందులో ఆమె తననొక శ్రోతగా చూపుకుంటారు. కథ చెప్పే పెద్దమనిషి, వినే అతిథి, వారి మధ్య మౌనాలు, ప్రదేశాలు అన్నీ కథనంలో భాగమవుతాయి. ‘ఇండియన్ గాథలు’ అన్న సామాన్య ముద్రను ఒక వ్యక్తికి, ఒక నేలకు కట్టివేయడం ద్వారా ఆమె కొంతమేరకు తప్పించగలిగారు. పుస్తకానికి కపిలానో పేరు కలిసి వచ్చేలా శీర్షిక ఉండాలని ఆమె కోరుకున్నా, ప్రచురణలో నగరం పేరే నిలిచింది.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలివి:

1. జాన్సన్ వేషాన్ని ఆమె అభిప్రాయంగా స్వీకరించడం సరికాదు. సాహిత్యంతో జీవించగోరిన అవివాహిత మూలవాసి స్త్రీకి ఆనాటి వినోదవిపణి విధించిన షరతుగా దాన్ని గుర్తించాలి. ఆ షరతు వల్ల ‘ఇండియన్’ మూస బలపడిందన్నదీ కాదనలేని సత్యమే.

2. 1892 వ్యాసంలోని పేరు, జాతి, స్వభావం, జీవితం అనే నాలుగు షరతులు ఆమె సృజనకు ప్రణాళికగా పనిచేశాయి. క్రిస్టీన్, ఒజిస్టో, క్రీ నాయకుని కూతురు అందుకు నిదర్శనాలు.

3. 1885, 1895 పాఠాల భేదం, రంగస్థలం ఆమె రాజకీయస్వరాన్ని మెత్తబరచిందన్న అభిప్రాయాన్ని బలహీనపరుస్తుంది.

4. సానుభూతి, స్వానుభూతి అనే విభజన రచయిత జన్మను చూస్తుంది. రచన ఎవరి ముందు, ఎవరి ఖర్చుతో పలుకుతున్నదో చూడదు. ఈ రెండవ ప్రశ్నను చేర్చుకుంటే తప్ప, ప్రదర్శనకళపై ఆధారపడి జీవించిన ఏ అణగారిన సమూహపు రచయితకైనా న్యాయమైన తీర్పు దొరకదు.

1913 మార్చి 7న, యాభై రెండవ పుట్టినరోజుకు మూడు రోజుల ముందు, రొమ్ము క్యాన్సర్‌తో జాన్సన్ వాంకూవర్‌లో మరణించారు. శతజయంతి సంవత్సరమైన 1961లో కెనడా ప్రభుత్వం ఆమె చిత్రంతో తపాలా బిళ్ల విడుదల చేసింది. రాస్ సంకలనం నుంచి ఆమె మినహాయింపుకు అప్పటికి ఒక్క ఏడాది. జ్ఞాపకచిహ్నాల్లో చోటు ఇచ్చి, పాఠ్యపరంపరలో ఇవ్వకపోవడమనే ఈ తేడా ఏ సాహిత్యచరిత్రకైనా ఒక హెచ్చరిక. ఆమె రచనలను ఆమె విమర్శతో కలిపి చదవడం ఆ లోపాన్ని సరిదిద్దడానికి అవసరమైన తొలి పని.